నిదానం

మా ఇంటి వరండాలో ఒక మనీ ప్లాంటు ఉంది. అమ్మబోతే ఇరవై రూపాయలు కూడా పలకదు. గుడియాత్తంలో ఏ వీధికి పోయినా నాలుగిళ్ళకొక ఇంట్లో, హార్లిక్స్ సీసాలోనో పాత పెయింటు డబ్బాలోనో కనిపించే తీగే అది. అయితే ఇది మా అమ్మ నాటిన తీగ. అమ్మ పోయి మూడేళ్ళయింది. నిరుడు ఆడి నెలలో దీని ఆకులు పసుపెక్కడం మొదలైంది. ఆ ఆకులతో నేను పడిన పాట్లు, వాటివల్ల నాలో పుట్టిన ఒక ప్రశ్న, ఈ రెండూ మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రశ్న ఇది: మనకు కావలసినవాళ్ళకు కష్టం వచ్చినప్పుడు, ఆ కష్టమేమిటో తెలియకుండానే ఏదో ఒకటి చెయ్యడం ధర్మమా? తెలిసేదాకా ఆగడం ధర్మమా?

మా ఊరు మోర్ధానా. గుడియాత్తం దాటి ఆంధ్ర సరిహద్దు కొండల్లోకి పోతే వస్తుంది. అటువైపు కొండల్లోంచి దిగివచ్చే కౌండిన్య నది మా ఊరి దగ్గర అణకట్టలో ఆగి, నిండిన ఏడు పొంగి, గుడియాత్తం మీదుగా పాలారు వైపు పోతుంది. చుట్టూ అడవి. సరిహద్దుకు అవతల, చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం ఉంది. ఏనుగులకు సరిహద్దు రాళ్ళు తెలియవు కాబట్టి అప్పుడప్పుడు మావైపు చేలమీదికీ వస్తుంటాయి. అక్కడున్నన్నాళ్ళూ అమ్మ తొట్టిలో చెట్టు పెంచి ఎరగదు. అంట్లు కడిగిన నీళ్ళు జలదారిలోంచి అరటి మొదట్లోకి పోయేవి. అరటి తాగగా మిగిలింది కరివేపాకుకు. ఎక్కువైన నీళ్ళు నేలలో ఎటో ఇంకిపోయేవి. కాళ్ళు ఆనక మా ఇంటికి వచ్చేసిన తరువాత, ఊరికే కూర్చోలేక, పక్కింటావిడ ఇచ్చిన జానెడు తీగముక్కను ఒక మట్టి తొట్టిలో గుచ్చింది. అదే ఇది.

అమ్మ పోయాక ఆ పాత తొట్టి బాగా లేదని, మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఒక తెల్లటి పింగాణీ తొట్టి తెచ్చి తీగను అందులోకి మార్చింది. నేను పొద్దున కాఫీ తాగగానే ఒక చెంబు, సాయంత్రం దీపం పెట్టగానే ఒక చెంబు నీళ్ళు పొయ్యడం అలవాటు చేసుకున్నాను. నిజం చెప్పాలంటే అది చెట్టుకు నీళ్ళు పొయ్యడం కాదు. అమ్మకు రెండు పూటలా ఏదో చేస్తున్నాననే ఊరట.

ఆకులు పసుపెక్కగానే సలహాలు వచ్చాయి. "ఎండ చాల్లేదన్నా, బయట పెట్టండి" అంది పక్కింటావిడ. "నాన్నా, ఎప్సమ్ సాల్టు వెయ్యండి" అని ఫోనులో అమ్మాయి. ఎరువుల అంగడాయన చిటికెడు యూరియా పొట్లం కట్టి ఇచ్చాడు. కొందరు టీ పిప్పి అన్నారు, కొందరు కోడిగుడ్డు పెంకులు, కొందరు వేపపిండి. నేను ఎవరి మాటా తీసెయ్యలేదు. వారం రోజుల్లో అన్నీ చేశాను. ఎండలో పెట్టాను, మళ్ళీ నీడలోకి తెచ్చాను. నీళ్ళు మటుకు మానలేదు. జబ్బుతో ఉన్న చెట్టుకు నీళ్ళు తగ్గిస్తామా? మొదట వారానికొక ఆకు రాలేది. ఇప్పుడు రోజుకు రెండు రాలసాగాయి.

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయిన మిత్రుడొకాయన పేరణాంబట్టు నుంచి ఏదో పనిమీద వచ్చాడు. వరండాలో కూర్చుని నా గోడంతా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఏమప్పా, మొదట ఏ ఆకు పసుపెక్కింది? కింద ఆకా, పైన చిగురా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. రోజుకు రెండుసార్లు ఆ తొట్టి ముందు నిలబడ్డవాణ్ణి. నీళ్ళు పోశాను, మందులు వేశాను, బాధపడ్డాను. చెట్టును మాత్రం చూడలేదు.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో తరువాత వివరంగా చెప్పాడు. ఆకులో పచ్చదనం పోయినప్పుడు, అంతకుముందే లోపల ఉన్న పసుపు బయటపడుతుంది. కాబట్టి పసుపు అన్నది జబ్బు పేరు కాదు, ఎన్నో జబ్బులకు ఉన్న ఒకే ముఖం. నత్రజని చాలకపోతే చెట్టు కింది ముసలి ఆకుల్లోంచి దాన్ని లాగి పైకి చిగుళ్ళకు పంపుతుంది. అందుకని కింద ఆకులు ముందు పసుపెక్కుతాయి. మెగ్నీషియం కొరతకూ ముసలి ఆకులే ముందు లొంగుతాయి, కాని వాటిలో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతుంది. ఇనుము అట్లా కాదు. ఒక ఆకులో చేరిన ఇనుము మరో ఆకుకు కదలదు. అందువల్ల అది చాలకపోతే ముందు లేత ఆకు పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చటి వలలాగా మిగులుతాయి. మాలాగా ఉప్పుబోరు నీళ్ళు పోసేవాళ్ళ ఇళ్ళలో మందార చెట్లకు ఇది తరచు చూస్తాం. మట్టిలో ఇనుము ఉన్నా, ఆ నీళ్ళ క్షారం వల్ల వేరుకు అందదు. ఆకు అడుగున సన్నటి బూజులాంటి దారాలు, పైన సూదితో పొడిచినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. అంచులు గలగలలాడుతూ ఎండితే నీళ్ళు చాలలేదు. మట్టి తడిగా ఉండగానే కింది ఆకులు మెత్తబడి పసుపెక్కితే నీళ్ళు ఎక్కువయ్యాయి.

ఇవేవీ కాకుండా ఇంకొకటి కూడా ఉంది. ఏడాది రెండేళ్ళు బతికిన కింది ఆకు ఒకటి, పైన చిగురు బాగా వేస్తుండగా, తన పాటికి తాను పసుపెక్కి రాలితే అది జబ్బే కాదు. పండుటాకు. దానికి వైద్యం లేదు, అవసరమూ లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి తొట్టిని బోర్లించి తీగను పైకి తీశాం. వాసన కొట్టింది, మురికి కాలువ వాసన. అందమైన ఆ తెల్లటి తొట్టికి అడుగున చిల్లే లేదు. నేను పోసిన చెంబులన్నీ అడుగున నిలిచే ఉన్నాయి. వేర్లు తెల్లగా గట్టిగా ఉండవలసింది, ఉడికిన నూడుల్సులాగా గోధుమరంగుకు తిరిగి, వేళ్ళతో పట్టుకుంటే పై తొక్క ఊడి చేతికొచ్చింది. వేరు కూడా ఊపిరి తీసుకుంటుందట. మట్టిరేణువుల మధ్య గాలి ఉండవలసిన చోటల్లా నీళ్ళు నిలిస్తే దానికి ఊపిరాడదు. ఊపిరాడని వేరును కుళ్ళు పట్టుకుంటుంది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి, నీళ్ళలో నిలబడే చెట్టు దాహంతో వాడిపోతుంది. వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. 2021 నవంబరులో అణకట్ట పొంగి కౌండిన్య వరద గుడియాత్తం మీదికి వచ్చినప్పుడు, నీళ్ళు నిలిచిన దొడ్లలో బొప్పాయి చెట్లు పసుపెక్కి ఒరిగిపోవడం ఈ కళ్ళతోనే చూశాను. నా వరండాలో నేనే ఒక చిన్న వరద తెచ్చానని మాత్రం తోచలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన మాటల్లో ఒకటి పదేపదే మనసులో మెదిలింది. తొందరపడే పిల్లవాణ్ణి చూసి "నిదానం, నిదానం" అంటాం. నిదానమే ప్రధానమని సామెత. ఇక్కడి తమిళులు కూడా ఆ మాటను తొందర లేని స్థిమితానికే వాడతారు. కాని వైద్యుల భాషలో నిదానమంటే రోగానికి మూలకారణం, ఆ కారణాన్ని కనిపెట్టడం. మాధవకరుడు రాసిన మాధవనిదానంలో మొదటి నుంచి చివరి దాకా రోగాలను గుర్తుపట్టడమే ఉంటుంది, చికిత్స ఉండదు. గుర్తుపట్టడానికి మనవాళ్ళు అయిదు మెట్లు చెప్పారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. వీటిలో ఉపశయం నన్ను ఆకట్టుకుంది. కారణం తేలకపోతే ఒక మందో పథ్యమో ఇచ్చి, దానికి శాంతించిందా పెరిగిందా అని చూడటం. ఇది జరగాలంటే ఒకసారి ఒకటే మార్చాలి, తరువాత ఆగాలి. నేను వారంలో ఏడు మార్చాను. వాటిలో ఒకటి మేలు చేసి ఉన్నా నాకు తెలిసే దారి లేదు.

చెట్లకు ఈ చూపు కొత్తదేమీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించి, చలి, గాలి, ఎండలవల్ల చెట్లకు వచ్చే రోగ లక్షణాలలో ఆకులు పాలిపోవడాన్ని మొదట చెప్పాడు. పాండుపత్రత అని దానికి పేరు. సురపాలుడి వృక్షాయుర్వేదం చెట్ల రోగాలను కూడా వాత పిత్త కఫాలుగా విడదీసింది. ఆ గ్రంథాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ ఆగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించింది. వాళ్ళ కారణాలు ఈనాటి శాస్త్రంతో అన్నీ సరిపోకపోవచ్చు. కాని ఆకును చూసి ఆకు దగ్గరే ఆగలేదు వాళ్ళు. ఆకు వెనక ఏముందని అడిగారు.

కారణం వెతకడానికీ, తొందరపడకపోవడానికీ మన భాషలో ఒకే మాట ఎందుకు మిగిలిందో పండితులు చెప్పాలి. నాకు మాత్రం అది సబబుగానే తోచింది. తొందరలో ఉన్నవాడికి కారణం కనబడదు. వాడి కంటికి కనబడేది తన ఆదుర్దా ఒక్కటే. ఆ ఆదుర్దాకే వైద్యం చేసుకుంటూ, ఎదుటివారికి చేస్తున్నాననుకుంటాడు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పక తప్పదు. పోయేనాటికి ఆమెకు ఎనభై ఆరేళ్ళు. చివరి నాలుగు నెలల్లో తిండి తగ్గిపోయింది. వేలూరు ఆసుపత్రులకు పేరుపడ్డ ఊరు. అక్కడికి తీసుకుపోతే, పరీక్షలన్నీ చేయించి ఒక పెద్ద డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: "ఇది వయసు. గుండె అలిసింది. ఈ మాత్రలు చాలు. ఎంత తింటే అంత పెట్టండి, బలవంతం వద్దు." ఆయన నిదానం సరైనదే. నాకే సరిపడలేదు. ఏమీ చెయ్యనక్కర్లేదని చెప్పే డాక్టరు దగ్గర ఏ కొడుకు ఆగుతాడు? రెండో చోటికి పోయాను, మూడో చోటికి పోయాను. బలం పొడి కలిపాను. ఎవరో చెప్పిన కషాయం, ఇంకెవరో పంపిన లేహ్యం. రెండు గంటలకొకసారి గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ అంది: "ఆకలి లేదు నాయనా. రవ్వంతసేపు నా పక్కన కూర్చో."

"ఇది తాగితే కూర్చుంటా" అన్నాను.

ఆమె తాగింది. నేను గ్లాసు కడగడానికి పోయాను.

ఊళ్ళో అందరూ "తల్లిని ఎంత బాగా చూసుకున్నాడు" అన్నారు. ఆ మాట నేనూ నమ్మాను, ఆ తొట్టిని బోర్లించేదాకా. నాది ప్రేమ కాదని అనను. ప్రేమే. కాని ఆ ప్రేమకు కళ్ళు లేవు. అది పండుటాకును జబ్బు ఆకనుకుంది. ఆమె అడిగిన ఒక్కటి వదిలిపెట్టి, అడగనివన్నీ చేసింది. మంచి ఉద్దేశంతో చేశాం కదా అని మనం సర్దిచెప్పుకుంటాం. ఉద్దేశం మంచిదైతే తప్పు చిన్నదవుతుందేమో, కుళ్ళిన వేరు మాత్రం మళ్ళీ తెల్లబడదు.

ఇదంతా చెప్పి, "అందుకని నిదానమే ధర్మం" అన్నాను మా మిత్రుడితో. ఆయన ఒప్పుకోలేదు. "నిదానం నిదానమంటూనే కదప్పా పాలారును చంపింది?" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే మా జిల్లాలో ఆకులు పసుపెక్కిన కథ నా వరండాలో మొదలైంది కాదు. ఆంబూరు, వాణియంబాడి, పేరణాంబట్టు, రాణిపేట చుట్టుపక్కల తోలు షాపుల నీళ్ళు దశాబ్దాలుగా పాలారులోకీ, పొలాల్లోకీ వచ్చాయి. తోలు కుళ్ళకుండా ఉప్పు పట్టిస్తారు; కడిగినప్పుడు ఆ ఉప్పంతా నీళ్ళలోకి దిగుతుంది. దానికి తోడు క్రోమియం. ఉప్పెక్కిన మట్టిలో వేరు నీళ్ళు పీల్చలేదు. అక్కడి రైతు ఎంత ఎరువు వేస్తే మాత్రం ఏమి లాభం? జబ్బు వాడి చేలో లేదు, ఏటికి ఎగువన ఉంది.

1991లో వేలూరు పౌరుల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తోలు షాపులున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో, పూర్తిగానో పనికిరాకుండా పోయిందని వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేలూరు పరిశోధన కేంద్రం చేసిన సర్వే ఆ తీర్పులో ఉంది. అంతకంటే ముఖ్యంగా కోర్టు ఒక సూత్రాన్ని మన దేశపు చట్టంలో భాగమని చెప్పింది: తిరిగి పూడ్చలేని నష్టం జరగబోతున్నప్పుడు, శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదని చెప్పి ఆపవలసిన పనిని వాయిదా వెయ్యకూడదు. హాని లేదని రుజువు చేసే బాధ్యత ఆ పని చేసేవాడిదే. తోలు పని మీద బతికే కుటుంబాలు మా వైపు వేలల్లో ఉన్నాయి, వాళ్ళ గోడు చిన్నదని నేననను. అయినా, "ఇంకా పరిశీలిద్దాం, ఇంకా చూద్దాం" అన్న నిదానం ఎవరికి లాభించిందో, ఎవరి బావికి ఉప్పు పట్టించిందో ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. 2025 జనవరిలో మళ్ళీ అదే కోర్టు అదే పాలారు గురించి, నష్టపరిహారం గురించి, నదిని బాగుచెయ్యడం గురించి ఆదేశాలివ్వవలసి వచ్చింది.

కాబట్టి మా మిత్రుడి మాట నిజమే. నిదానం ఒక్కోసారి సోమరితనానికి ముసుగు, ఒక్కోసారి అన్యాయానికి వాయిదా. అయితే నా వరండాలో తొందర తప్పయింది, పాలారులో ఆలస్యం తప్పయింది. రెంటికీ కలిపి ఒక ధర్మం చెప్పగలమా? చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇంతే.

మనం చేసే పనులు రెండు రకాలు. ఒకటి, కొత్తగా ఏదో చేర్చడం. రెండోది, ఇప్పటికే చేస్తున్నదాన్ని ఆపడం. చేర్చడానికి నిర్ధారణ కావాలి. ఆపడానికి గట్టి అనుమానం చాలు. చెట్టుకు యూరియా వెయ్యాలంటే నత్రజని లోపమని తెలియాలి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనన్న అనుమానం వస్తే చెంబు కింద పెట్టడానికి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, రెండు రోజులు ఆగి మట్టి చూస్తే చాలు. ఏట్లోకి మురుగు వదిలేవాడు చివరి లెక్క తేలేదాకా వదులుతూ ఉండటానికి వీల్లేదు. రెండు చోట్లా హాని చేస్తున్నది మన చెయ్యే కాబట్టి, మొదట ఆపవలసిందీ మన చెయ్యే. నేనూ తోలు షాపులూ చేసిన తప్పు ఒకటే జాతిది: పోస్తూ పోయాం. నేను ప్రేమతో పోశాను, వాళ్ళు లాభం కోసం పోశారు. వేరుకు ఆ తేడా తెలియదు.

ఇది అన్ని చోట్లా అతకదని నాకు తెలుసు. మట్టి ఎండి బీటలు వారితే నీళ్ళు పొయ్యడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. డాక్టరు రాసిన మందును మనంతట మనమే ఆపెయ్యడం కూడా తొందరే. నేను ఆపవలసింది ఆయన మాత్రలు కాదు, వాటి మీద నేను చేర్చినవి. ఎక్కడ ఏది వర్తిస్తుందో చెప్పే సూత్రం మళ్ళీ ఆ పాతదే: ముందు చూడాలి. ఏ ఆకు? కిందిదా, పైదా? తడిగా ఉందా, పొడిగా ఉందా? మనిషైతే ఇంకా తేలిక. అడిగితే చెబుతారు. చాలాసార్లు అడగకుండానే చెబుతారు.

తీగ సంగతి చెప్పి ముగిస్తాను. కుళ్ళిన వేర్లన్నీ కోసేశాం. కణుపు దగ్గర చిన్న వేరు మొలక ఉన్న మూడు ముక్కలు మాత్రమే మిగిలాయి. వాటిని గాజు సీసాలో మంచినీళ్ళలో పెట్టి, వారానికొకసారి నీళ్ళు మార్చడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆ ఏమీ చెయ్యకపోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. కొన్ని వారాలకు తెల్లటి వేర్లు దిగాయి. అప్పుడు అమ్మ వాడిన పాత మట్టి తొట్టినే, అడుగున చిల్లు ఉన్నదాన్ని, అటక మీదనుంచి దించి, ఎర్రమన్ను, ఇసుక, కాస్త మాగిన పేడ ఎరువు కలిపి నాటాను. పసుపెక్కిన పాత ఆకులు మళ్ళీ పచ్చబడలేదు. అవి పచ్చబడవు. బాగయిందో లేదో కొత్త చిగురును చూసి తెలుసుకోవాలి. కార్తీకంలో ఒకటి విచ్చుకుంది, పచ్చగానే.

ఇప్పుడు పొద్దున కాఫీ తాగి, చెంబు తీసుకోకుండా వరండాలోకి వెళ్తాను. వేలు రెండో కణుపు దాకా మట్టిలో పెట్టి చూస్తాను. పొడిగా ఉంటే లేచి నీళ్ళు తెస్తాను. తడిగా ఉంటే తేను. ఆ రోజు కూడా, చెయ్యవలసిన పని ఏమీ లేకపోయినా, రవ్వంతసేపు దాని పక్కన కూర్చుంటాను.